జోడీ లేని సీసా

ఆయన ఉద్యోగమేమిటని అడిగితే ఆ వీధిలో ఒక్కొక్కరు ఒక్కో సంగతి చెప్పేవారు. ఆసుపత్రి వెనక పరిశోధనశాలలో సీసాలు కడుగుతాడని ఇస్త్రీ బండివాడు, మనుషుల కండలు కరిగించి వడబోస్తాడని మందుల షాపావిడ, ఏమీ లేనిదాన్ని కొలిచి జీతం పుచ్చుకుంటాడని సొంత భార్య. ముగ్గురిదీ నిజమే. ఎక్కువ నిజం మాత్రం భార్యది.

మనిషి ఒంట్లోకి ప్లాస్టిక్ నలుసులు ఎంత చేరాయో కనిపెట్టడం ఆ పరిశోధనశాల పని. వినడానికి ఎంత తేలికో, చెయ్యడానికి అంత చావు. ఆవగింజను వెయ్యి ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను ఇసుకదిబ్బలో పారేసి వెతకమన్నట్టుంటుంది. అదైనా ఓపిక ఉంటే దొరుకుతుందేమో గానీ, వెతికేవాడి చొక్కా నిండా అవే ముక్కలుంటే ఏం చేస్తాం? చెయ్యి విదిలిస్తే రాలతాయి. చీపురు ఊడిస్తే లేస్తాయి. చేతికి తొడిగిన గ్లౌజులోంచి, సీసా మూతలోంచి, పీల్చే గాల్లోంచి వచ్చి పడతాయి. చివరికి దొరికింది మనిషిలోదా, మన గదిలోదా అంటే ఎవడు చెప్పాలి?

ఎవడంటే, ఖాళీ సీసా చెప్పాలి. కండ ముక్క ఉన్న సీసాతో పాటు, ఏమీ లేని సీసా ఒకటి వెంట నడవాలి. కండ కరగడానికి దానికి పోసిన పొటాష్ నీళ్లే దీనికీ పోయాలి. దాన్ని ఎంతసేపు వెచ్చబెడితే దీన్నీ అంతసేపు వెచ్చబెట్టాలి. దాన్ని సన్నటి జాలీలో వడబోసినట్టే దీన్నీ వడబోయాలి. ఆఖరున ఖాళీ సీసాలో ఎన్ని నలుసులు తేలాయో అవన్నీ గదివి. అవి పోగా మిగిలితేనే మనిషివి. చదువుకున్నవాళ్లు దాన్ని బ్లాంక్ అంటారు. ఆయన మాత్రం జోడీ అనేవాడు. కొత్తగా పనిలో చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజు ఒకే ముక్క చెప్పేవాడు: "జోడీ లేని సీసా మాట, సాక్షి లేని మాట. నమ్మకూడదు."

అందుకే ఆయనకు ఖాళీసీసా అని పేరు పడింది. ఆ పేరుకు ఆయనేమీ నొచ్చుకోలేదు. ఆయన గది గడప దాకా వచ్చిన దుమ్ము లోపలికి తొంగి చూసి, 'అమ్మో, ఈయనున్నాడు' అనుకుని వెనక్కి తిరిగిపోయేదని ఆ భవనంలో చెప్పుకునేవారు. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి గుమ్మంలో నిలబడి తుమ్మితే, ఆ తుమ్ములో ఎగిరిన పోగును గాల్లోనే సన్న పట్టకారుతో పట్టి, మడతపెట్టి, తిరిగి ఆయన జేబులోనే పెట్టి పంపాడట. ఇందులో తుమ్ము నిజం, పట్టకారు నిజం. తక్కినది వీధి కలిపింది. కలపబుద్ధి పుట్టించే మనిషి కాబట్టి కలిపింది. అలాంటి మనిషి ఇంకొకడుంటే రమ్మనండి, వాడి మీదా కలుపుతాం.

ఇంట్లోనూ అదే వరస. దువ్వెన చెక్కది, బకెట్లు ఇనపవి, కూరగాయల సంచి గుడ్డది. పళ్ల బ్రష్షు దగ్గర మాత్రం ఓడిపోయాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఆ పట్టకారు ఉండేది. ఎదుటివాళ్ల భుజం మీద పోగు కనపడితే చెయ్యి ఊరుకునేది కాదు.

"ఏమండీ, నన్ను కూడా ఓసారి వడబోసి చూసుకోకూడదూ?" అనేది భార్య. "ఇన్నేళ్లలో ఏం కలిసిందో తెలుస్తుంది."

"నిన్ను వడబోస్తే నోరొక్కటే జాలీ మీద మిగుల్తుందే. అది నాకు ముందే తెలుసు."

ఆ ఇంట్లో ఆయన పట్టకారుకు ఎక్కువగా దొరికింది మేనకోడలు. చెల్లెలు పోయినప్పుడు దానికి పాలపళ్లు ఊడుతున్న వయసు. ఏడవకుండా, మాట్లాడకుండా, చేతిలో తన బట్టల మూట పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఏమని ఓదార్చాలో ఆయనకు తోచలేదు. వంగి, దాని గౌను మీద వేలాడుతున్న దారప్పోగును పట్టకారుతో తీసి, దాని అరచేతిలో పెట్టాడు. "ఇది నీదే, జాగ్రత్త" అన్నాడు. ఆ పిల్ల పోగు వంకా ఆయన వంకా చూసి, ఊడిన పన్ను కనపడేలా నవ్వింది. ఆనాటి నుంచి అది ఆయనకు పిచ్చుక.

పిచ్చుకకు చదువు ఒంటబట్టలేదు గానీ కుట్టుపని ఒంటబట్టింది. కుట్టు మిషను మీద కూచుంటే రెండు వీధులవతల కుక్కలు కూడా ఆ తాళానికి తోకలాడించేవంటారు. పెద్దవీధి మలుపులో వానకోట్లు కుట్టే దుకాణంలో చేరింది. లారీ నడిపే కుర్రాణ్ణి చేసుకుంది. అతను రోడ్ల మీద, ఈమె మేడ మీది గదిలో, అత్తామామయ్యలు కింద. అలా ఒకే ఇంట్లో ఉండిపోయారు.

కడుపుతో ఉన్నప్పుడు కూడా వానకోట్ల పని మానలేదు. ఒకరోజు సాయంత్రం కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుని కూచుని అడిగింది.

"మామయ్యా, మీ వాళ్లకి కాన్పయ్యాక బయటికొచ్చే మాయ కావాలంటగా?"

"ఇష్టమున్నవాళ్లు ఇస్తారు. ఎందుకు?"

"నాది ఇస్తా. కానీ ఎంత ఉందో నాకు చెప్పాలి."

"అలా చెప్పరే. అది లోకం లెక్క, మనిషి లెక్క కాదు."

"లోకానికి వేరే మామయ్యలున్నారు. నాకు నువ్వొక్కడివే. చెప్తావా, చెప్పవా?"

ఆయన వంటింటి వైపు చూశాడు. భార్య చెంబు తోముతూ, "చెప్పేదాకా అది ఆ గోడ వదలదు" అంది. ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న ఉత్సాహంలో, "నీది ఇంకెవరి చేతికీ ఇవ్వను, మొదటినుంచి చివరిదాకా నేనే చేస్తా" అని ఇంకో మాట కూడా ఇచ్చేశాడు.

దానికి బదులుగా పిచ్చుక ఆయనకో కోటు కుట్టిచ్చింది. పరిశోధనశాలలో తొడిగే కోట్లన్నీ ఇటుకరంగు నూలు గుడ్డవి. పొరపాటున కోటు పోగు సీసాలో పడ్డా ఆ రంగు చూసి ఇట్టే పట్టేయొచ్చని ఆ ఏర్పాటు. పిచ్చుకకు ఆ రంగు నచ్చదు. "ఇటుకబట్టీలో కూలీలా ఉంటావు. నా బిడ్డ పనికి తెల్లకోటు వేసుకుని పెద్ద డాక్టరులా వెళ్లు" అని తెల్లటిది కుట్టింది. గుడ్డ ముమ్మాటికీ నూలుదే అంది. మేనకోడలు చెప్పినా సరే, ఆయన అంచు దగ్గర ఒక పీలిక చింపి దీపం మీద పెట్టాడు. కాగితంలా కాలి, వేళ్ల మధ్య నలిపితే బూడిదైపోయింది. అప్పుడు గానీ తొడుక్కోలేదు.

"చూసుకో, కుట్టు ఎంత గట్టిదో" అంది పిచ్చుక చంక దగ్గర లాగి చూపిస్తూ. "నీ ఉద్యోగం ఊడినా ఇది ఊడదు."

కాన్పు రోజున ఆయన స్టీలు డబ్బా పట్టుకుని ఆసుపత్రి వరండాలో నిలబడ్డాడు. నర్సమ్మ చూసి, "భోజనం తెచ్చారా, పెద్దాయనా?" అంది.

"లేదమ్మా, తీసుకెళ్లడానికి వచ్చాను" అని, మాయను ప్లాస్టిక్ ట్రేలో పెట్టొద్దనీ, ప్లాస్టిక్ సంచిలో వెయ్యొద్దనీ, వీలైతే ఆ వైపు గట్టిగా ఊపిరి కూడా వదలొద్దనీ బతిమాలాడు. నర్సమ్మ బుగ్గలు నొక్కుకుంది గానీ, చెప్పినట్టే స్టీలు పళ్లెంలో తెచ్చి డబ్బాలో వేసింది. ఆడపిల్ల పుట్టిందని కూడా అప్పుడే చెప్పింది. ఆయన డబ్బాను గుండెలకు హత్తుకుని, అక్కడే నిలబడి, కాసేపు బిడ్డ ఉన్న గదికి వెళ్లాలో, తన పనిగదికి వెళ్లాలో తేల్చుకోలేకపోయాడు.

పరిశోధనశాల పెద్ద ఒక డాక్టరమ్మ. ఆ వారం ఆవిడ ఏదో సభకని పొరుగూరు వెళ్లింది. ఆవిడ చూడకుండా ఏ అంకే గది దాటకూడదన్నది అక్కడి నియమం. ఆయన పని మాత్రం మొదలుపెట్టాడు. మిగతావాళ్లంతా సెలవులో ఉన్న రోజు చూసుకుని, తెల్లకోటు తొడుక్కుని, గదిని మళ్లీ మళ్లీ తుడిచి, పిచ్చుక సీసాను మామూలు కంటే ఎక్కువ సార్లు కడిగి, బల్ల మధ్యలో ఒంటరిగా, పెళ్లిపీట మీద పెట్టినట్టు పెట్టాడు. చంటిదాన్ని ఎత్తుకున్నట్టే ఆ సీసానూ ఎత్తుకున్నాడు. పొటాష్ నీళ్లలో కండ కరిగింది. కరిగినదాన్ని వడబోశాడు. ఆ జాలీని తీసుకెళ్లి, కంటికి కనపడని కాంతి వేసి పోగు ఏ ప్లాస్టిక్కుదో చెప్పే పెద్ద మైక్రోస్కోపు కింద పెట్టాడు.

తెర మీద తెల్లపోగులు లేచాయి. ఒకటి, ఇంకొకటి, గడ్డివాములా. పాలిస్టర్, పాలిస్టర్, పాలిస్టర్ అంది యంత్రం. అప్పటిదాకా ఆ గదికి వచ్చిన మాయలన్నిటికంటే పదింతలు ఎక్కువ.

ఆయనకు వెంటనే వానకోట్లు గుర్తొచ్చాయి. రోజంతా ఆ గుడ్డల మధ్యే కదా పిల్ల కూచుంది, వాటి పొడే కదా పీల్చింది. అంకెకు కథ అతికినట్టు సరిపోయింది. కథకు సరిపోయిన అంకెను అనుమానించడం ఎంత తెలివైనవాడికైనా కష్టమే.

చెప్పకూడదనుకునే ఇంటికి వెళ్లాడు. పిచ్చుక మంచం మీద ఒత్తిగిలి, బుజ్జిదానికి పాలిస్తోంది. తలెత్తి ఆయన మొహం చూసింది.

"చూశావా?"

"డాక్టరమ్మ రావాలి."

"నువ్వు చూశావా అని అడిగాను."

అబద్ధమాడటం ఆయనకు రాదు. కోతలు కోయడమొక్కటే వచ్చు, అది వేరే విద్య. "కొంచెం ఎక్కువుంది" అన్నాడు.

"ఎంత కొంచెం?"

ఆయన జేబులోని పట్టకారు తడుముకున్నాడు. ఆమెకు అది సరిపోయింది. బుజ్జిదాన్ని నెమ్మదిగా రొమ్ము నుంచి తప్పించి, పైట సర్దుకుని, దాన్ని అత్తయ్య చేతికి ఇచ్చింది.

"వానకోట్లే. కత్తిరించినప్పుడల్లా పొడి ముక్కులోకి పోయేది. నేనేమో తుమ్ముకుంటూ నవ్వుకునేదాన్ని." బిడ్డ వంక చూసి, "నా పాల్లోనూ అదే ఉంటుంది కదా" అంది.

ఆ మాట తర్వాత ఇక బిడ్డను దగ్గరికి తీసుకోలేదు. పాలపొడి తెప్పించమంది. మామయ్య చెప్పినా వినలేదు, ఫోనులో మొగుడు చెప్పినా వినలేదు. అత్తయ్య డబ్బా విప్పుతూ గొణిగింది.

"డబ్బా ప్లాస్టిక్. లోపల చెంచా ప్లాస్టిక్. పట్టే సీసా ప్లాస్టిక్. పిచ్చుకా, ఈ మొత్తంలో ప్లాస్టిక్ కానిది నువ్వొక్కదానివే కదే."

వేరే రోజైతే పిచ్చుక పడీపడీ నవ్వేది. "గాజు సీసా తెప్పించు అత్తయ్యా" అంది అంతే. గాజు సీసా వచ్చింది. బుజ్జిది దాన్ని నోట పెట్టుకుని, ఇదెక్కడి మోసం అన్నట్టు మొహం చిట్లించి, వీధి చివరి ఇస్త్రీ బండి మీద బొగ్గులు ఎగిరిపడేలా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, కొంచెం తాగి, అలసి నిద్రపోయేది. ఆ ఏడుపు వినపడినప్పుడల్లా పక్కగదిలో పిచ్చుక జాకెట్టు తడిసిపోయేది. తువ్వాలు మడిచి గుండెల మీద అదుముకుని గోడవైపు తిరిగి పడుకునేది. ఒకసారి ఆయన మంచినీళ్లు ఇవ్వబోయి ఆ తడి మరక చూశాడు. గ్లాసు కిటికీలో పెట్టి, కాళ్లు చప్పుడవకుండా బయటికి వచ్చేశాడు.

డాక్టరమ్మ తిరిగొచ్చిన పొద్దున ఆవిడ గది గుమ్మంలో నిలబడ్డాడు. వయసులో ఆయనకంటే చాలా చిన్నది, గట్టిగా నవ్వే మనిషి. ఆయన హుకుం వల్ల స్టీలు గ్లాసులోనే టీ తాగేది.

"ఏంటి పెద్దాయనా, గుమ్మంలో ఆగిపోయారు? ఒంటి మీద పోగులున్నాయా?"

"అమ్మా, మా పిల్ల సీసా చూశాను. మీరు రాకముందే."

ఆవిడ నవ్వు తగ్గింది. "చూశారు. సరే. ఎంతొచ్చింది?"

చెప్పాడు. ఇంట్లో ఏం జరుగుతోందో కూడా చెప్పాడు. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది.

"పదింతలా? మరి జోడీకి ఎంతొచ్చింది?"

ఆ ప్రశ్న ఆయన తన జీవితంలో ఎంతమందిని అడిగాడో లెక్కలేదు. పెద్ద పెద్ద డిగ్రీలవాళ్లను నిలబెట్టి అడిగాడు. ఇప్పుడది తిరిగొచ్చి తన నెత్తి మీదే పడింది. ఆవిడ ఆయన మొహం చూసి నమ్మలేకపోయింది.

"మీరా, పెద్దాయనా?"

"దాని పక్కన ఇంకో సీసా పెట్టబుద్ధి కాలేదమ్మా" అన్నాడు నేల చూస్తూ. "ఖాళీదైనా సరే. దాని గాలి దీనికి సోకుతుందేమోననిపించింది. మా పిల్లది ఒక్కటే ఉండాలి, చుట్టూ ఏమీ ఉండకూడదనుకున్నాను."

డాక్టరమ్మ కసురుతుందనుకున్నాడు. ఆవిడ లేచి ఆయనకు కుర్చీ జరిపింది.

"కూచోండి. పరాయివాళ్లకి వండితే పదిసార్లు ఉప్పు చూస్తాం, మనవాళ్లకైతే చెయ్యి తిరిగిన పనే కదా అని చూడం. నేనూ పడ్డాను ఇలాగే. పక్కగదిలో ముక్కను కాల్చి వాసన చూసే యంత్రం ఉందే, అది ఒకసారి మెదడు ముక్కలో సంచుల ప్లాస్టిక్ కుప్పలుగా ఉందంది. నేను గాల్లో తేలిపోయాను. లోకమంతా చాటబోయాను. తీరా చూస్తే అది కొవ్వు. మనిషి కొవ్వు కాలినా దాదాపు ఆ ఆవిరే వస్తుంది. యంత్రానికి ముక్కుంది గానీ, ఎవరి వాసనో అడిగేవాళ్లుంటేనే చెప్తుంది."

"మరి ఇప్పుడేం చెయ్యాలమ్మా?"

"ఆ రోజు ఎలా చేశారో అంతా అలాగే చెయ్యండి. అదే గది, అదే కడుగుడు, అదే కోటు. సీసాలో మాత్రం ఏమీ వెయ్యొద్దు. మాయ ముక్క మిగిలిందా?"

"ఉందమ్మా. స్టీలు గిన్నెలో, మంచుపెట్టెలో."

"అది తర్వాత. ఇంకోటి, పాలు ఆపమని ఈ అంకె చెప్పలేదు. అంకె నిజమైనదైనా చెప్పదు. ఆ మాట పిల్లకి చెప్పారా?"

"చెప్పాను. నా మాట వినడం లేదమ్మా. అంకె మాటే వింటోంది."

ఆయన చిలక్కొయ్యకు వేలాడుతున్న తెల్లకోటు తొడుక్కున్నాడు. గదిని అలాగే తుడిచాడు. సీసాను అలాగే కడిగాడు. ఎత్తేటప్పుడు చేతులు చాచాడు, వంచేటప్పుడు మోచేతులు పైకెత్తాడు, ఆ రోజు బిడ్డనెత్తినట్టు ఎలా ఎత్తాడో అలాగే ఎత్తాడు. ఏమీ లేని నీళ్లను వడబోసి, జాలీని డాక్టరమ్మ ముందు పెట్టాడు. ఆవిడే మైక్రోస్కోపు దగ్గర కూచుంది. ఆయన వెనక నిలబడి తెర చూశాడు.

తెల్లపోగులు లేచాయి. గడ్డివాములా. పాలిస్టర్, పాలిస్టర్ అంది యంత్రం. పిచ్చుక సీసాలో ఎన్నో, దీన్లోనూ ఇంచుమించు అన్నే.

"శుభవార్త, పెద్దాయనా" అంది డాక్టరమ్మ. "మీ ఖాళీ సీసా కూడా ప్రసవించింది."

ఆయన తన చేతి వంక చూసుకున్నాడు. చంక దగ్గర తెల్లటి కుట్టు, చెయ్యి ఆడించినప్పుడల్లా గుడ్డకు రాసుకుని నూగు లేచి ఉంది. నీ ఉద్యోగం ఊడినా ఇది ఊడదు. చివర వేలాడుతున్న దారాన్ని పట్టకారుతో లాగి, పక్కగదిలో స్పిరిటు దీపం వెలిగించి, మంట దగ్గర పెట్టాడు. దారం బూడిద కాలేదు. ముడుచుకుని, కరిగి, నల్లటి గట్టి పూసలా అయింది. గుడ్డను కాల్చి చూసిన మనిషి దారాన్ని కాల్చి చూడలేదు. వానకోట్ల దుకాణంలో వానకు తడిసినా చీకని పాలిస్టర్ దారం తప్ప ఇంకో దారం ఎందుకుంటుంది? ఆ పిల్ల ఉన్నవాటిలో అన్నిటికంటే గట్టి దారం ఏరుకుని మరీ కుట్టింది.

ఆ పూసను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఇటుకరంగు కోటు తొడిగి, మిగిలిన మాయ ముక్కను సీసాలో వేసి, పక్కనే జోడీని పెట్టి, రెండిటినీ కలిపి నడిపించాడు. ఈసారి తెర మీద ఈ సీసాలో నాలుగు నలుసులు, ఆ సీసాలో నాలుగు నలుసులు అన్నట్టుగా ఉంది. డాక్టరమ్మ అటు చూసింది, ఇటు చూసింది.

"దీనికీ దానికీ తేడా చెప్పలేను" అంది.

"అంటే లేనట్టేనా అమ్మా?"

"మీరే చెప్పండి."

ఆయనకు తెలుసు. లేనట్టు కాదు. గది నలుసుల గోలలో ఆ పిల్ల లెక్క వినపడనంత చిన్నదని మాత్రమే. ఈ జాలీకి దొరకనంత సన్నటివి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. రేపు ఇంతకంటే మంచి కన్ను పుడితే ఏం చెప్తుందో ఎవరికీ తెలీదు. దారి పొడుగునా ఆ ముక్కే నెమరేసుకుంటూ ఇంటికి నడిచాడు. ఒక్క మాట, సున్నా అన్న ఒక్క మాట చెప్తే పిల్ల ఈ క్షణమే బిడ్డనెత్తుకుంటుంది. ఆ మాట ఆయన నాలుక చివర మిఠాయిలా ఊరుతోంది. తుమ్ములో పోగును పట్టాడని వీధంతా చెప్పుకునే మనిషికి సున్నా చెప్పడమెంత పని?

మేడ మీది గదిలో బుజ్జిది ఏడుస్తోంది. అత్తయ్య దాన్ని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. పిచ్చుక మంచం అంచున కూచుని తన చేతుల్ని తనే పట్టుకుని ఉంది. ఆయన మడతపెట్టిన తెల్లకోటును ఆమె పక్కన పెట్టి, దాని మీద ఆ నల్లపూసను పెట్టాడు.

"ఏంటిది మామయ్యా?"

"నీ కుట్టు."

మొదటినుంచి చెప్పాడు. జోడీ పెట్టలేదని చెప్పాడు. గుడ్డ కాల్చి దారం కాల్చలేదని చెప్పాడు. ఖాళీ సీసాలోనూ అవే పోగులు తేలాయని చెప్పాడు. పిచ్చుక పూసను వేళ్లతో తిప్పుతూ వింది.

"అంటే, ఆ పోగులన్నీ నా కడుపులోవి కావా?"

"నా చంకలోవి."

అత్తయ్య నడక ఆపింది. పిచ్చుక ఆయన వంక ఒక్క క్షణం కళ్లార్పకుండా చూసి, ఫక్కున నవ్వింది. కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వింది.

"ఎంత అన్యాయం మామయ్యా. నీ చంకని చూసి నేను ఇన్నాళ్లు ఏడ్చానా?"

"నేను ముప్పై ఏళ్లుగా చూస్తున్నానే" అంది అత్తయ్య. "నన్నెవరడిగారు?"

నవ్వు సద్దుమణిగాక పిచ్చుక మొహం మళ్లీ గట్టిపడింది. కళ్లు తుడుచుకుని సూటిగా అడిగింది.

"అయితే నాలో ఏమీ లేదన్నమాట. సున్నా. అంతేనా?"

సున్నా ఆయన నోటి దాకా వచ్చింది. గుమ్మంలో మూట పట్టుకుని నిలబడ్డ పాలపళ్ల పిల్ల ఆయన కళ్లముందు కదిలింది.

"తెలీదే" అన్నాడు.

బుజ్జిది కూడా వింటున్నట్టు ఏడుపు ఒకసారి ఆపి వెక్కింది.

"ఖాళీ సీసాకీ నీకూ తేడా కనపడలేదు. అంతవరకే నేను చూశాను. అంతకంటే సన్నటివి ఉన్నాయో లేదో చెప్పే పరికరం మా దగ్గర లేదు. ఉందని చెప్పేవాళ్ల అంకెల్లో సగం వాళ్ల కోట్లవేమో కూడా తెలీదు. డాక్టరమ్మ పాలు ఆపొద్దంది, అది మాత్రం తెలుసు. సున్నా అని చెప్పాలని వీధి మలుపు దాకా అనుకున్నాను పిచ్చుకా. నా వల్ల కాలేదు."

పిచ్చుక కోటును ఒళ్లోకి తీసుకుని, చంక దగ్గరి కుట్టును బొటనవేలితో రాసింది. కిటికీ అవతల ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్లారు.

"సున్నా అనుంటే నమ్మేదాన్ని కాదు" అంది చివరికి. "ఓదార్చడానికి అంటున్నావనుకునేదాన్ని. పక్కగదిలోకి వెళ్లి మళ్లీ ఏడ్చేదాన్ని." తలెత్తింది. "నీకే తెలీదంటే ఇంకెవడికీ తెలీదన్నమాట. ఇంకెవడికీ తెలీనిదాని కోసం నా బిడ్డని పస్తు పెడతానా? ఇటివ్వు అత్తయ్యా."

అత్తయ్య ఇచ్చింది. బుజ్జిది కాసేపు తల అటూ ఇటూ కొట్టుకుని, అలిగినట్టు మొహం తిప్పుకుని, మళ్లీ వెతికి, అందుకుంది. ఆ గదిలో ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమైందంటే గుటక గుటకా వినపడింది. వీధి చివరి ఇస్త్రీ బండివాడు కూడా ఆ నిశ్శబ్దం విని తల పైకెత్తాడని తర్వాత చెప్పుకున్నారు, అందులో నమ్మడానికేమీ లేదు, నమ్మకపోవడానికీ ఏమీ లేదు.

"నూలు దారం తెచ్చిపెట్టు" అంది పిచ్చుక బిడ్డ మీంచి కళ్లు తిప్పకుండా. "కోటంతా విప్పి మళ్లీ కుడతా. ఈసారి దారాన్ని కూడా కాల్చి చూసుకో."

"నిన్ను కూడా కాల్చి చూస్తాడులే" అంది అత్తయ్య.

ఆయన వాళ్లిద్దరి మాటా వినడం లేదు. బుజ్జిదాని బుగ్గ మీద, పాలతడికి అంటుకుని, ఒక సన్నటి తెల్లపోగు కనపడింది. కోటుదో, తువ్వాలుదో, దుప్పటిదో. నూలుదో, మరొకటో. చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. పట్టకారు తీసి, మంచం దగ్గరికి వంగాడు.

"వద్దు మామయ్యా" అంది పిచ్చుక చాలా మెల్లగా. "ఇప్పుడే కళ్లు మూస్తోంది. కదిలిస్తే లేస్తుంది."

ఆయన వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. బుజ్జిది గుటక వేసినప్పుడల్లా ఆ పోగు కొంచెం లేచి, కొంచెం వాలుతోంది. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత పట్టకారును జేబులో పెట్టుకుని, చప్పుడు కాకుండా పక్కనే నేల మీద కూచున్నాడు.